మిరప కొట్లో చిలక నిద్ర

నిన్న సాయంత్రం మా పై ఫ్లాట్ పిల్ల వచ్చి తలుపు కొట్టింది. చేతిలో పంజరం, పంజరంలో పసుపు తలా నారింజ బుగ్గలూ ఉన్న ఏదో పరాయి దేశపు పిట్ట. దాని అరుపు నాకు నెల రోజులుగా పరిచయమే, ముఖం చూడటం మాత్రం అదే మొదలు.

"అమ్మమ్మ గారూ, మీరు పల్లెటూళ్ళో పెరిగారు కదా, పిట్టల సంగతి తెలుసేమోనని వచ్చానండి. ఇది నిద్రపోవట్లేదు. ఈకలు పీక్కుంటోంది. ఫోన్‌లో చూస్తే రోజుకి పది పన్నెండు గంటలు చీకట్లో, చప్పుడు లేకుండా పడుకోబెట్టమంటున్నారు. మా ఇంట్లో అట్టా ఎక్కడ కుదురుద్దండీ? నాన్న టీవీ, అన్నయ్య ఫోన్ ఉద్యోగం, అమ్మ మిక్సీ..."

నేను పంజరం దగ్గరికి వంగి చూశాను. పిట్ట ఛాతీ మీద రూపాయి కాసంత మేర ఈకలు లేవు. సన్నటి గులాబీ రంగు తోలు కనిపిస్తోంది. అది చూడగానే నా ముక్కు చివర చురుక్కుమంది. చెబితే నమ్మరు గానీ, ఆ క్షణాన నాకు మిరప ఘాటు తగిలింది. మా ఇంట్లో ఆ పూట పోపు కూడా పెట్టలేదు.

"కూర్చో," అన్నాను. "మా ఇంట్లో కూడా ఒక చిలక నిద్ర పోగొట్టుకుంది. దాన్ని నిద్రపుచ్చే ఉద్యోగం నాది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు."

మాది నల్లరేగడి ఊరు. ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప, నడుమ మేము. ఇంటి ముందే కాయ ఆరబోసే కల్లం. మాఘం దాటితే చాలు, కల్లం అంతా ఎర్రగా పరుచుకునేది. పొద్దు పైకొచ్చాక ఆ ఎరుపు గోడల మీదికీ, తెల్ల ఆవు పొట్ట మీదికీ పాకేది. గాలి ఇటు తిరిగిందంటే ఇంటిల్లిపాదీ తుమ్ములే. మా అమ్మ తుమ్ముతూనే అన్నం వార్చేది, నాన్న తుమ్ముతూనే గడ్డం గీసుకునేవాడు. కొత్తగా వచ్చిన చుట్టం తుమ్మితే మాత్రం అందరం నవ్వేవాళ్ళం.

ఆ కాలంలో మా ఇంట్లో ఎంతమంది తింటున్నారో అమ్మకు కూడా తెలిసేది కాదు. కాయలు కోసేవాళ్ళు, తాలు ఏరేవాళ్ళు, గోతాల్లో కాయ పోసి తొక్కేవాళ్ళు. దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే చిన్నాన్న షిఫ్టు దిగి ఏ వేళకో మోటారు సైకిలు మీద దిగబడేవాడు. ఆయన పిల్లలు ముగ్గురూ మా ఇంట్లోనే. పెద్ద గిన్నెలో చద్దన్నం, పండుమిరప పచ్చడి, పైన నువ్వుల నూనె. నానమ్మ ముద్దలు చేసి పెడుతుంటే ఎవరి చెయ్యి ముందుంటే వాళ్ళకే. ఇవన్నీ చాలవన్నట్టు శ్రమకాలపు కూడికలు కూడా అప్పుడే వచ్చేవి. ఈస్టరుకు ముందు నలభై రోజులపాటు పొద్దుగుంకాక చర్చి వాళ్ళందరూ రోజుకొక ఇంట్లో ప్రార్థన పెట్టుకునేవారు. మా ఇల్లు పెద్దది, వాకిలి పెద్దది, అందుకని మా వంతు మాటిమాటికీ వచ్చేది. డోలకు, కంజీరలు, మైకు. పాటలు బాగానే ఉండేవి. మా చిలకను మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ చిలక తాతది. గాలివానకు పొలం గట్టున మోడుబారిన తాటిచెట్టు పడిపోతే, దాని తొర్రలో ఈకలు కూడా రాని పిల్ల ఒకటి దొరికిందట. తాత పైకండువాలో చుట్టుకొచ్చి, శనగపప్పు నానబెట్టి నూరి, వేలితో తినిపించి బతికించాడు. ఇప్పుడు రామచిలకను పంజరంలో పెడితే చట్టం ఒప్పుకోదు. మంచిపనే. అప్పట్లో మాకు ఆ ఆలోచన కూడా లేదు.

తాతకు ఒక అలవాటు ఉండేది. పొలం నుంచి రాగానే చెప్పులు విడిచి, గొంతు సవరించుకుని, వంటింటి వైపు తిరిగి, "ఇదిగో, ఉన్నావా?" అని పిలిచేవాడు. లోపల్నుంచి నానమ్మ చేతిలో పని ఆపి, "ఉన్నా," అనేది. పెళ్ళయిన నాటి నుంచీ అదే ప్రశ్న, అదే జవాబు. ఎక్కడికి పోతుంది గనక ఆవిడ? చిలక పట్టుకున్నది తాత గొంతు ఒక్కదాన్నే. మేం పిల్లలం దానికి 'ఆమెన్' నేర్పాలని జామకాయలు లంచం పెట్టి అలిసిపోయాం. జామకాయ తినేది, మమ్మల్ని ఒక కంటితో ఎగాదిగా చూసేది. సాయంత్రమైతే మాత్రం గొంతు సవరించుకుని మరీ, "ఇదిగో, ఉన్నావా?" అనేది. ఆ సవరింపులో తాత గొంతులోని జీర కూడా ఉండేది.

నేను చెప్తున్న మిరప కాలానికి ముందు వచ్చిన వానల్లో తాత పోయాడు. ఆదరణ కూడికలో చర్చి పెద్దలు నానమ్మ చుట్టూ కూర్చుని, "నమ్ముకున్నోళ్ళం మనం. ఏడవగూడదమ్మా. నువ్వే ఏడిస్తే సంఘానికి సాక్ష్యం ఏముంటది?" అన్నారు. నానమ్మ స్త్రీల సమాజానికి పెద్ద. అంతకుముందు ఊళ్ళో ఎంతమంది ఆడవాళ్ళకో ఆవిడే ఆ మాట చెప్పి వచ్చింది. అందుకని ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. వచ్చినవాళ్ళకు తనే టీ పోయించింది. "ఏం విశ్వాసమమ్మా ఆ తల్లిది," అని అందరూ చెప్పుకుంటుంటే నేను కూడా గొప్పగా తలెగరేశాను. చిన్నదాన్ని, ఏం తెలుసు!

తాత పోయాక కూడా చిలక సాయంత్రంపూట పిలుస్తూనే ఉంది. పిలిచినప్పుడల్లా నానమ్మ చేతిలో చాట ఆగేది. జవాబు మాత్రం చెప్పేది కాదు. చుట్టూ మనుషులుండేవాళ్ళు. తాత గొంతు ఏ టేపులోనూ లేదు. ప్రపంచం మొత్తం మీద అది మిగిలింది ఆ ఎర్ర ముక్కులోనే.

మిరప కోతలు మొదలయ్యాక ఆ పిలుపు తగ్గింది. తర్వాత ఆగిపోయింది. చిలక ఉబ్బుగా కూర్చునేది. పట్టపగలు కునికేది, ఎవరో గోతం ఈడ్చగానే ఉలిక్కిపడేది. ఛాతీ మీద ఈకలు పీక్కోవడం మొదలుపెట్టింది.

గోతాల మూతులు కుట్టడానికి మా ఇంటికి ఒక సాయిబు తాత వచ్చేవాడు. దబ్బనం, పురికొస పట్టుకుని రోజుకు ఎన్ని గోతాలైనా కుట్టేవాడు. ఇంటి దగ్గర పావురాలు పెంచేవాడు. నానమ్మ పంజరం తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన దబ్బనం చెవి వెనక దోపుకుని చాలాసేపు చూశాడు.

"జబ్బేం లేదమ్మా దీనికి. నిద్ర లేదు. పొద్దు గుంకితే పిట్ట పడుకోవాల. మీ ఇంట్లో పొద్దెప్పుడు గుంకుద్దో చెప్పండి, అప్పుడు పడుకుద్ది."

"ఇట్టాగే ఉంటే మాట పోద్దా సాయిబూ?" అని అడిగింది నానమ్మ.

"మాటేందమ్మా, పిట్టే పోద్ది. నెల తిరగదు."

నానమ్మ ముఖంలో రంగు మారడం అదే నేను మొదటిసారి చూడటం. తాత పెట్టెకు మూత వేసినప్పుడు కూడా మారని ముఖం అది. చుట్టూ చూసింది. ఖాళీగా ఉన్న మనిషిని నేనొక్కదాన్నే. "ఒసేయ్, ఇయ్యాల్టి నుంచీ దీన్ని నిద్రపుచ్చే పని నీది. బడికి పోయినా పోకపోయినా ఇది పడుకోవాల," అంది.

నేను ఆ పనిని కలెక్టరు ఉద్యోగంలా తీసుకున్నాను. మొదటి రోజు నానమ్మ పాత చీర మడతపెట్టి పంజరం మీద కప్పాను. చిన్నాన్న పిల్లల్లో పెద్దవాడు వచ్చి అంచు ఎత్తి, "పడుకుందా?" అన్నాడు. నడిపివాడు వచ్చి, "ఏది, నన్ను చూడనీ," అన్నాడు. మూడోది చూడలేదని ఏడ్చింది, దానికోసం నేనే ఎత్తాను. ఆఖరికి అమ్మ వచ్చి, "పడుకున్నదాన్ని కదిలిస్తారా వెధవల్లారా!" అని అరుస్తూ తను కూడా ఎత్తి చూసింది. చిలక నిద్ర పోకపోవడానికి సగం కారణం అది పడుకుందో లేదో చూసే మా ఆత్రమే.

రెండో రోజు గొడ్ల చావిట్లో పెట్టాను. బర్రె తోక విసిరినప్పుడల్లా పంజరం గిర్రున తిరిగింది. డాబా మీద పెడితే పిల్లి వచ్చి ఎదురుగా కూర్చుంది, ప్రార్థనకు కూర్చున్నంత నెమ్మదిగా. వేపచెట్టుకు కట్టాను, కాకులు పంచాయితీ పెట్టాయి. వడ్ల గాదె వెనక్కి చేర్చితే గాదె కింద ఎలకలు. రోజులు గడుస్తున్నాయి, చిలక ఛాతీ మీద ఎర్రటి తోలు పెరుగుతోంది. బడి నుంచి రాగానే నానమ్మ నా ముఖం చూసేది, అంతే. ఆ చూపుకు నేను చచ్చిపోయేదాన్ని.

ఆ శుక్రవారం మళ్ళీ మా ఇంట్లో కూడిక. మధ్యాహ్నం నుంచే పరదాలు పరుస్తున్నారు, మైకులో ఎవరో "హలో, హలో" అంటున్నారు, పొయ్యి మీద అండాతో శనగలు ఉడుకుతున్నాయి. పంజరం ఎక్కడ పెట్టినా మనిషే. నాకు ఒళ్ళు మండిపోయింది. పంజరం పట్టుకుని, వెనక ఉన్న మిరప కొట్టు తలుపు తోసి, గోతాల మధ్య సందులో పెట్టి, తలుపు మూసి వచ్చాను. ఒక్క పాటసేపు అక్కడుంచి తెచ్చేద్దామనుకున్నాను. ఆ తర్వాత గుగ్గిళ్ళు పంచారు. రెండోసారి కూడా పంచారు. నేను కంజీర వాయించాను. చిలకను మర్చిపోయి పడుకున్నాను.

తెల్లారి లేచి పంజరం వేలాడే కొక్కెం ఖాళీగా ఉండటం చూశాక గుర్తొచ్చింది.

మిరప కొట్టంటే ఏమిటో చూడనివాళ్ళకు చెప్పడం కష్టం. గాలి చొరబడకుండా కట్టిన గది. పైకప్పు దాకా తొక్కి నింపిన ఎండు మిరప గోతాలు. అందులోకి గోతాలు మోసే మగవాళ్ళు కూడా ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, ఊపిరి బిగబట్టి పోయి, పరుగున బయటికొచ్చేవాళ్ళు. ఆ కొట్లో తొండ కూడా తిరిగేది కాదు. అందులో నేను రాత్రంతా చిలకను పెట్టి తలుపేశాను.

పరుగెత్తుకెళ్ళి చెప్పాను. "చంపేశావే!" అంది నానమ్మ. ఆ ఒక్క మాటే అని, చెప్పుల్లేకుండా పరిగెత్తింది. వెనకాల నేను, నా వెనక ఇల్లంతా. తలుపు తీయగానే ఘాటు ముఖాన కొట్టింది. నానమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి దూరింది. నేను ఆవిడ కాళ్ళ సందుల్లోంచి దూరాను. కళ్ళు కారిపోతున్నాయి, ఏమీ కనబడటం లేదు. తలుపులోంచి పడ్డ వెలుతురులో మెల్లగా కనిపించింది.

చిలక దండె మీద నిటారుగా కూర్చుని ఉంది. ఈకలన్నీ ఒంటికి అతుక్కుని, ఆకులా నున్నగా ఉంది. పక్క గోతానికి బెజ్జం పెట్టి, ఒక మిరపకాయ లోపలికి లాక్కుని, దాన్ని ఒక కాలితో పట్టుకుని గింజ గింజా ఏరుకు తింటోంది. మేం ఊపిరాడక దగ్గుతున్నాం. అది మా వైపు తల వంచి చూసింది. ఏమైంది వీళ్ళకు అన్నట్టు చూసింది. తర్వాత కాయ కింద పడేసి, గొంతు సవరించుకుని, "ఇదిగో, ఉన్నావా?" అంది.

ఇన్నేళ్ళ బతుకులో నేను చాలా చూశాను. సముద్రం చూశాను, మంచు కొండలు చూశాను. ఆ ఉదయం అబ్బురపడి నిలబడ్డట్టు మళ్ళీ ఎక్కడా నిలబడలేదు. మనుషులం నిమిషం నిలవలేని చోట ఆ గుప్పెడంత పిట్ట హాయిగా నిద్రపోయి లేచింది. దేవుడు దాని నాలుకను వేరే మట్టితో చేశాడని నాకు రూఢి అయిపోయింది. మధ్యాహ్నం పరీక్ష కూడా చేశాను. అది తినే కాయలోంచే ఒక్క గింజ తీసి నాలుక మీద వేసుకున్నాను. బెల్లం ముక్క, మజ్జిగ, అమ్మ తిట్లు, మూడూ అయ్యాక గానీ మంట తగ్గలేదు.

సాయిబు తాత విని దబ్బనం కింద పెట్టి నవ్వాడు. "మనిషి రాని చోటు దొరికింది, పడుకుంది. మీరు ఇల్లంతా వెతికారు గానీ, మీ ఇంట్లో మనిషి నిలవని గది అదొక్కటేగా! అక్కడే ఉంచండమ్మా."

అట్లా కుదిరింది. పొద్దు వాలగానే పంజరం కొట్లోకి, తెల్లారాక బయటికి. చీర అంచు ఎత్తి చూసేవాళ్ళు లేరు, పిల్లి లేదు, ఎలక లేదు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని నేనే తీసుకెళ్ళేదాన్ని. గోతాలు గోడలాగా నిలబడి డోలకును కూడా లోపలికి రానిచ్చేవి కావు. నేను ఊపిరి బిగబట్టి నూరు లెక్కపెట్టేదాకా ఉండేదాన్ని, అది పడుకోవడం చూడాలని. ఒక కాలు ఈకల్లోకి లాక్కునేది. కళ్ళు కింది నుంచి పైకి మూసేది. అప్పుడు ముక్కులోంచి గరగరమని సన్నటి చప్పుడు, ఎక్కడో దూరాన తిరగలి తిరుగుతున్నట్టు. మొదటిసారి భయపడి బయటికి పరిగెత్తాను. "సుఖంగా ఉంటే ముక్కు నూరుకుంటది పిట్ట," అన్నాడు సాయిబు తాత. వారం తిరిగేసరికి ఛాతీ మీద ముళ్ళలాగా కొత్త ఈకలు మొలిచాయి.

ఆ తర్వాత నానమ్మ, "నీకు దగ్గు వస్తంది, నేను పెడతాలే," అని పంజరం తను తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. నా ఉద్యోగం పోయిందని నాకు కోపం. ఒక సాయంత్రం వెనకాలే వెళ్ళి తలుపు సందులోంచి చూశాను.

నానమ్మ గోతం మీద కూర్చుని ఉంది. ముక్కుకు గుడ్డ లేదు. చిలక, "ఇదిగో, ఉన్నావా?" అంది. నానమ్మ, "ఉన్నా," అంది. మళ్ళీ, "ఉన్నానయ్యా. ఎక్కడికి పోతా?" అని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. భుజాలు అదిరిపోయేట్టు ఏడ్చింది. నేను అక్కడి నుంచి కదలలేకపోయాను. నానమ్మకు ఏడుపొస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. కాసేపటికి బయటికొచ్చింది, కళ్ళు చింతనిప్పులయ్యాయి. వాకిట్లో కూడికకు వచ్చిన ఆడవాళ్ళు చూసి, "ఏందమ్మా ఆ కళ్ళు?" అన్నారు.

"మిరప ఘాటమ్మా," అంది నానమ్మ, ముఖం కడుక్కుంటూ. అందరూ తలలూపారు. మా ఊళ్ళో ఆ మాటను ఎవరు కాదంటారు?

ఉగాదికి కాయంతా గుంటూరు యార్డుకు పోవాలి. లారీ వచ్చింది. గోతాలు ఒక్కొక్కటే ఎక్కుతుంటే నానమ్మ కొట్టు గుమ్మంలో నిలబడి, "ఒకటి ఉంచండ్రా," అంది.

"ఎందుకే అమ్మా?" అన్నాడు నాన్న.

"చిలక మేతకి."

"గోతెడు కాయ చిలకేం తింటదే? జన్మంతా తిన్నా తరగదు!"

అమ్మ వెనక నుంచి నాన్న చొక్కా పట్టి లాగింది. నాన్న ఒక గోతం పక్కకు తీయించాడు. ఆ ఏడే కాదు, తర్వాత ప్రతి ఏడూ ఒక గోతం కొట్లో మిగిలేది. దాన్ని ఎవరూ అడిగేవాళ్ళు కారు. అమ్మకు ఎప్పటి నుంచి తెలుసో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక్కడిదాకా విని పై ఫ్లాట్ పిల్ల పిట్టను చూస్తూ కూర్చుంది. "మా ఇంట్లో మిరప కొట్టు లేదు కదండీ," అంది.

"ఎవరూ అడుగుపెట్టని మూల ఒకటి ఉంటుంది, వెతుకు. పొద్దుగుంకగానే మందపాటి గుడ్డ కప్పు. పడుకుందో లేదో అని ఎత్తి చూశావంటే ఊరుకోను."

"చూడనండి. మరి ఆ చిలక ఏమైందండీ?"

చిలకలు చాలా ఏళ్ళు బతుకుతాయి. నేను కాలేజీకి వచ్చేనాటికి కూడా అది ఉంది. ఆ వేసవిలో నానమ్మ మంచం పట్టింది. ఆ గొడవలో కొట్లో గోతం ఉంచే మాట ఎవరికీ గుర్తు రాలేదు, కాయంతా లారీ ఎక్కేసింది. అమ్మ కొట్టు కడిగించి సున్నం వేయించింది. వానలు పడ్డాక నానమ్మ పోయింది.

మళ్ళీ ఆదరణ కూడిక. మళ్ళీ వాకిట్లో పరదాలు. నాన్న అప్పటికి సంఘ పెద్ద. ఒకప్పుడు నానమ్మతో అన్నట్టే నాన్నతోనూ, "మీరే ఏడిస్తే ఎట్టాగండీ," అన్నారు. నాన్న ఏడవలేదు. పొద్దు వాలింది. ఇంటి అలవాటు ప్రకారం నేను పంజరం తీసుకుని కొట్లోకి వెళ్ళాను. ఎందుకో నాన్న నా వెనకాలే వచ్చాడు. తెల్లటి గోడలు, సున్నం వాసన. చిలకను కొక్కేనికి తగిలించాను. అది ఒక కాలు ఈకల్లోకి లాక్కుంది. గొంతు సవరించుకుంది.

"ఇదిగో, ఉన్నావా?" అంది, తాత గొంతుతో.

తర్వాత ఆగింది. లోపల ఎవరో చేతిలో పని పక్కన పెట్టడానికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపు ఆగింది.

"ఉన్నా," అంది, నానమ్మ గొంతుతో.

ఆ పిట్ట మా ఎవరి మాటా ఎన్నడూ పట్టుకోలేదు. నానమ్మ మాట మాత్రం ఆ చీకటి గదిలో ఎన్ని సాయంత్రాలు విందో, అన్నేళ్ళూ బయటికి రానివ్వకుండా దాచుకుంది. జవాబు చెప్పే మనిషి ఉన్నన్నాళ్ళూ తను చెప్పలేదు. చిలక కళ్ళు మూసుకుంది. గరగరమని ముక్కు నూరుకోవడం మొదలుపెట్టింది.

నాన్న గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. బయటికి వచ్చేసరికి ముఖమంతా తడి. వాకిట్లో పెద్దలందరూ అటే చూస్తున్నారు.

"అబ్బ, ఏం ఘాటు," అన్నాడు నాన్న, కండువాతో కళ్ళు తుడుచుకుంటూ.

కొట్లో అప్పటికి నెలల తరబడి ఒక్క మిరపకాయ లేదు. ఆ సంగతి వాకిట్లో ఉన్న సగం మందికి తెలుసు. అయినా అందరూ తలలూపారు. అమ్మ మంచినీళ్ళ చెంబు తెచ్చి నాన్న చేతికిచ్చి, "అవునండీ, ఈ ఏటి కాయ అట్టాంటిది. తలుపు దగ్గరికేసి రండి, చిలక పడుకోవాల," అంది.